బదరీవృక్షము క్రింద రొట్టె

వాక్యభాగము: 1 రాజులు 19:1–21

కర్మెలు పర్వతముమీద అగ్నిని చూచిన ఏలీయాయే అరణ్యములో బదరీవృక్షము క్రింద కూర్చుండి మరణమును కోరెను. అంతకుముందు బెయేర్షెబాలో తన దాసుని విడిచిపెట్టి, ఒంటరిగా దినప్రయాణమంత దూరము పోయెను. చదువరులు ఈ సంగతిని తరచుగా గమనింపక దాటిపోవుదురు. మనస్సు కృంగినవాడు తోడుగా ఉన్నవానినే మొదట విడిచిపెట్టును.

అండమాను నికోబారు ద్వీపములలో చదువుకొను యౌవనస్థులకు ఈ ఒంటరితనము క్రొత్త కాదు. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిరులో, 1967లో స్థాపింపబడిన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయము ఉన్నది. ఉత్తరమున దిగ్లీపూరునుండియు దక్షిణమున కారునికోబారునుండియు వచ్చినవారు అక్కడ చదువుదురు. సముద్రము పొంగి ఓడ ఆగినయెడల కారునికోబారు విద్యార్థి క్రిస్మసుకైనను ఇల్లు చేరుట కష్టము. శ్రీకాకుళము తీరమునుండి వలసవచ్చిన తెలుగు కుటుంబముల పిల్లలలో కొందరు పై చదువులకై విశాఖపట్టణమునకు పోవుదురు. ఓడలో అది రెండు మూడు దినముల ప్రయాణము. చేపల వేటవలన వచ్చిన డబ్బుతో తండ్రి తన్ను చదివించుచున్నాడను తలంపు ఆ బిడ్డను విడువదు. పరీక్ష తప్పినప్పుడు ఆ మాట ఇంటికి ఏలాగు చెప్పుదునని ఫోనెత్తుట మానివేయును. అదే అతని బెయేర్షెబా.

2022లో దేశమందు లక్షమందికి 12.4 చొప్పున ఆత్మహత్యలు జరుగగా, ఈ ద్వీపములలో 42.8 చొప్పున జరిగెనని జాతీయ నేర నమోదు సంస్థ తెలిపెను. ఆ యేటనే దేశమంతటను 13,044 మంది విద్యార్థులు ఆలాగు మరణించిరి.

ఇది విశ్వాసలోపమని సంఘములలో కొందరు తొందరపడి తీర్పు తీర్చుదురు. అయితే ఏలీయాను దేవుడు గద్దించెనా? అతని నిద్రపోనిచ్చెను. దూత అతని తట్టి లేపగా, నిప్పులమీద కాల్చిన రొట్టెయు నీళ్లును అతని తలదగ్గర ఉండెను. తిని మరల పండుకొనెను. మరల లేపి తినిపించెను. ప్రయాణము అతని శక్తికి మించినదని దూత ఒప్పుకొనెనేగాని ప్రసంగము చేయలేదు. హోరేబులో దేవుడు అతని రాకకు కారణమును రెండుమారులు అడిగెను. అతడు అదే మొర రెండుమారులు చెప్పగా రెండుమారులును వినెను. తానొక్కడే మిగిలితినని అతడు తలంచుట పొరపాటు. ఇశ్రాయేలులో ఇంక ఏడువేలమంది ఉండిరి. ఆ లెక్కను దేవుడు చివరనే చెప్పెను. పెద్దలు దానినే మొదట చెప్పుదురు.

కృంగిన విద్యార్థిని, చావవలెనను తలంపు కలుగుచున్నదా అని నెమ్మదిగా అడుగుటవలన ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. చెప్పుకొనుటకు ద్వారము తెరువబడును. ఉన్నదనినయెడల అతని ఒంటరిగా విడువక వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్‌ను 14416 సంఖ్యకు ఫోనుచేసి ఉచితముగా సంప్రదింపవచ్చును. పోలీసులకు భయపడి దాచిపెట్టు కుటుంబములు ఇంకను కలవు. ఆత్మహత్యకు ప్రయత్నించినవానిని తీవ్రమైన మనోవేదనలో ఉన్నవానిగా ఎంచి శిక్షింపక ఆదుకొనవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము చెప్పుచున్నది. విశాఖపట్టణములో ఒక విద్యార్థిని మరణమునుబట్టి వచ్చిన వ్యాజ్యములో, నూరుమందికి తక్కువకాకుండ విద్యార్థులున్న ప్రతి సంస్థయు శిక్షణ పొందిన సలహాదారుని నియమింపవలెనని 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. మందు మింగుట ప్రార్థనకు విరోధమనువారు, దూత తెచ్చినది రొట్టెయేనని మరువకూడదు.

తుదకు దేవుడు ఏలీయాను దున్నుచున్న ఎలీషాయొద్దకు పంపెను. ఆ దినమునుండి ప్రవక్తకు తోడొకడు దొరికెను. ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఏ విద్యార్థి ఒంటరిగా హాస్టలుకు తిరిగిపోవుచున్నాడో సంఘపెద్దలకు తెలిసియుండవలెను. మార్కుల మాట ఎత్తక అన్నము వడ్డించు ఇల్లు అతనికి ఒకటి కావలెను, ఓడ ఆగిపోయిన వారమున మరి ముఖ్యముగా.