నీ సహోదరి యెక్కడ?

ప్రియులారా, హేబెలును గూర్చి దేవుడు కయీనును అడిగిన ప్రశ్న ఆదికాండము 4వ అధ్యాయములో నున్నది. అది కళాశాల వసతిగృహములలోను వినబడవలసిన ప్రశ్నయే.

అమెరికా కళాశాలలలో స్త్రీలు బహు కొద్దిమందిగా నున్న దినములలో, ఒకరికొకరు తోడుగా నుండుటకై సహోదరీ సంఘములను ఏర్పరచుకొనిరి. వీటిని సొరోరిటీలందురు. 1870లో ఇండియానా రాష్ట్రమున కప్పా ఆల్ఫా తీటా పుట్టెను. 1908లో వాషింగ్టనులోని హోవర్డు విశ్వవిద్యాలయమున నల్లజాతి విద్యార్థినులు ఆల్ఫా కప్పా ఆల్ఫాను స్థాపించిరి.

అయితే గోధుమలలో గురుగులు మొలచినట్లు, పురుషుల సంఘములలోను కొన్ని స్త్రీల సంఘములలోను క్రొత్తవారిని అవమానించుట, బలవంతముగా మద్యము త్రాగించుట ప్రవేశించెను. మనము ర్యాగింగు అనుదానినే వారు హేజింగు అందురు. దీనివలన ప్రాణములు పోయినవి. సంఘ రహస్యమని తోటివారు నోరు మూసికొనుట అపాయమును పెంచినది.

2024 డిసెంబరులో వచ్చిన చట్టము ప్రకారము కళాశాలలు ఇట్టి సంగతులను లెక్కించి ప్రకటింపవలెను. త్రాగి స్పృహ తప్పిన స్నేహితురాలికై 911కు ఫోను చేసిన విద్యార్థినిని శిక్షింపకుండ అనేక రాష్ట్రములు చట్టములు చేసినవి. చట్టము భయమును తీసివేయగలదు గాని ప్రేమను పుట్టింపలేదు. నిద్రపోనిమ్ము, తెల్లవారిన సరియగునని విడిచిపోవునది సహోదరి కాదు. ప్రక్కన కూర్చుండి సహాయమునకై కేక వేయునదే సహోదరి.

మన బిడ్డలును ఆ దేశమునకు చదువుకై వెళ్లుచున్నారు. పచ్చళ్ల మూటతో ఈ మాటయు కట్టి పంపుదము: అవమానమునకు లోబడవద్దు, ఆపదలో నున్నవారిని విడువవద్దు, భయమైనప్పుడు ఇంటికి చెప్పుము. చెప్పిన బిడ్డను గద్దింపక విందము. ప్రభువు మనకు అట్టి చెవులను అనుగ్రహించును గాక. ఆమేన్.