పరిగె వేరు, కల్లం వేరు

పిల్లాడికి అన్నం పెట్టే వేళ తల్లికి ఎదురయ్యే ధర్మసందేహాలు భారతంలో ధర్మరాజుకు కూడా ఎదురై ఉండవు. ఒక చేతిలో పప్పన్నం ముద్ద, రెండో చేతిలో ఫోను. "ఛోటా భీమ్ పెట్టు" అని వాడు నోరు బిగించుకుని కూర్చుంటాడు. ఏ యాప్‌లో ఉన్నాడో ఆ భీముణ్ణి వెతికి పట్టుకోవాలి. ఒక చోట నెలకింతని కట్టమంటారు. ఇంకో చోట పైసా అక్కర్లేదు, రండి రండి అంటారు. ఆ రెండోవాడి గుమ్మం తొక్కవచ్చా, కూడదా?

ఇంత చిన్న విషయానికి ఇంత ఆలోచనా అని మీరు నవ్వవచ్చు. మా వీధిలో ఒకావిడ నవ్వింది కూడాను. భర్త గుంటూరు మిరపయార్డులో గుమాస్తా. "వదినా, యార్డులో ఒక టిక్కీ ఎత్తుకుపోతే ఒక టిక్కీ తరుగు పడుతుంది. నేను బొమ్మ చూస్తే ఎవడిది తరిగింది చెప్పు?" అంది. లాయరుకు కూడా తట్టని పాయింటు! నిజమే, ఒకరు చూసినంత మాత్రాన బొమ్మ అరిగిపోదు. మరి దొంగతనం ఎక్కడున్నట్టు?

ఆ భీముడు ఎక్కణ్ణుంచి వచ్చాడో చూద్దాం. వాడిది ఢోలక్‌పూర్ అని పిల్లలంటారు గానీ, పుట్టిల్లు మన హైదరాబాదే. 2001లో రాజీవ్ చిలక అక్కడ గ్రీన్ గోల్డ్ అనే బొమ్మల సంస్థ పెట్టారు. 2008లో పోగో ఛానెల్లో ఛోటా భీమ్ మొదలైంది. మనం అరగంటలో చూసి పారేసే కథకు ఒకరు కథ రాయాలి, ఒకరు బొమ్మ గీయాలి, ఒకరు రంగులద్దాలి, ఒకరు గొంతు ఇవ్వాలి. పత్తి తీతకు వచ్చిన కూలీకి సాయంత్రానికి డబ్బు చేతిలో పడాలంటాం కదా, బొమ్మ గీసినవాడి కూలీ మాత్రం ఎవరికీ గుర్తురాదు. చూస్తే తరిగేది బొమ్మ కాదు, దాన్ని గీసినవాడికి రావలసిన కూలీ.

అలాగని ఉచితంగా వచ్చేదంతా పాపమని నేననను. మాగాణిలో కోతలయ్యాక రాలిన కంకులను పేదవాళ్ళు ఏరుకుంటే దాన్ని పరిగె అంటాం. ఆసామీ చూస్తూనే ఊరుకుంటాడు. అది దొంగతనమని ఏ పెద్దమనిషీ అనడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పర్చూరు వైపు వెళ్ళి చూడండి. కల్లాల్లో మిరపకాయలు ఎర్రటి తివాచీ పరిచినట్టు ఆరుతుంటాయి. తలుపు లేదు, తాళం లేదు. అంతమాత్రాన సంచి తీసుకెళ్ళి నింపుకోగలమా? పరిగె యజమాని తెలిసి వదిలినది. కల్లంలో ఉన్నది వదిలినది కాదు, నమ్మి ఉంచినది.

ఈ భీముడికీ అదే న్యాయం. గ్రీన్ గోల్డ్ వాళ్ళే తమ సొంత యూట్యూబ్ ఛానెల్లో ఎన్నో కథలు ఉచితంగా పెట్టారు. మధ్యలో ప్రకటనలు వస్తాయి, వాటి మీద వాళ్ళకు కాస్త డబ్బు వస్తుంది. అది పరిగె. నిశ్చింతగా ఏరుకోండి. అదే కథను ఇంకెవడో కాజేసి, పట్టుబడకుండా బొమ్మను కుడిఎడమలు తిప్పేసి, తన పేరుతో పెట్టుకుంటే అది కల్లం మీద పడటమే. 1957 నాటి కాపీరైటు చట్టం మాట అలా ఉంచి, నకిలీ విత్తనం సంచి కొని మునిగిన రైతును అడగండి. సంచి మీద బొమ్మ అదే, లోపల ఏముందో మొలిచాక గానీ తెలియదు. పిల్లలకు తెలిసిన బొమ్మలే పైకి చూపించి, లోపల భయంకరమైన వికారాలు పెట్టిన వీడియోల గురించి 2017లో ప్రపంచమంతా గగ్గోలెత్తింది. అన్నం ముద్దతోపాటు అలాంటిది వాడి కళ్ళలో పడితే జవాబుదారీ ఎవరు?

"మరి ఒక చందమామ కొంటే పదిళ్ళు తిరిగేది కదా?" అంటారేమో. 1947లో మన తెనాలి చక్రపాణిగారు నాగిరెడ్డిగారితో కలిసి మొదలుపెట్టిన ఆ పత్రికను చేబదులు తెచ్చుకుని చదివిన ఇళ్ళెన్నో. కానీ ఆ ఒక్క ప్రతికి ఎవరో ఒకరు డబ్బిచ్చి ఉంటారు. ఎవరూ దొంగ చందమామ అచ్చేసి అమ్ముకోలేదు. వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం చేసినదీ అదే. నలుగురూ కలిసి పుస్తకం తెస్తే, కొనలేనివాడు కూడా తలెత్తుకుని చదువుకున్నాడు. పేదపిల్లాడికి బొమ్మలు అందాలంటే దారి అది, దొంగదారి కాదు.

ఇక్కడ బొమ్మలు తీసేవాళ్ళకూ ఒక మాట చెప్పాలి. 2019లో ఇదే సంస్థ పసివాళ్ళ కోసం 'మైటీ లిటిల్ భీమ్' తీసింది. అందులో సంభాషణలే లేవు. ఏ భాష పిల్లాడికైనా అర్థమవుతుంది. అది వచ్చింది మాత్రం నెలనెలా రుసుము కట్టించుకునే నెట్‌ఫ్లిక్స్‌లో. మిరపకోతకు వెళ్ళే తల్లి తన బిడ్డకు అది ఎలా చూపిస్తుంది? పొలమున్నవాడు నాలుగు కంకులు వదలడమూ ధర్మమే. ఏది అసలో ఏది నకిలీయో తెలియక ఫోనులో కనిపించింది పెట్టే ఆ తల్లిని నేను తప్పుపట్టను. తెలిసీ, కట్టగలిగీ, "ఫ్రీగా దొరుకుతుంటే మనకెందుకు ఖర్చు" అనుకునే మనలాంటివాళ్ళ సంగతే నేను చెప్పేది.

ఆ కథల్లో భీముడు చేసేదేమిటో గమనించారా? ఎన్నో కథల్లో దొంగలను పట్టి ఊరిని కాపాడతాడు. దొంగిలించిన బొమ్మలో దొంగలను పట్టే వీరుణ్ణి చూపించి, పిల్లాడికి మనం నేర్పే నీతి ఏమిటి? వాడికి చట్టాలు తెలియవు. అమ్మ దేనికి డబ్బిస్తుందో, దేనికి ఎగ్గొడుతుందో మాత్రం అన్నం తింటూ గమనిస్తూనే ఉంటాడు.

"ఇది మనకు లేదురా కన్నా, ఉన్నది చూద్దాం" అనగలిగితే చాలు. వాడు కాసేపు ఏడుస్తాడు. ఏడవనివ్వండి. లేదన్న మాట అమ్మ నోట విని పెరిగినవాడు, రేపు ఎవరి కల్లం పక్కనుంచి వెళ్ళినా చేయి చాచడు.