దున్నేవాడు, నాట్లేసే ఆమె

"దున్నేవాడిదే భూమి" అన్న నినాదంలోని 'వాడు' దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. కోనసీమ వరిచేలల్లో నాట్లు, కలుపు, కోతలు ఆడవాళ్ళ పనే. నాగలి మాత్రం వాళ్ళది కాదు. భూసంస్కరణ నాగలిని చూసింది, నాటిన చేతుల్ని చూడలేదు.

1973 నాటి భూ గరిష్ఠ పరిమితి చట్టమే ఇందుకు సాక్ష్యం. తరగతిని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాల దాకా కుటుంబానికి మిగిల్చింది. మేజరైన కొడుకులుంటే ఆ పరిమితి పెరిగేందుకు తరవాతి సవరణ వీలిచ్చింది. మేజరైన కూతుళ్ళు ఆ లెక్కలో లేరు.

ఇక పంపకం సంగతి. రాజోలు వైపో, కొత్తపేట వైపో ఒక లంకలో ఎకరం నేల, అప్పటికే భూమి ఉన్న మనిషికి భూమిలేని పేద పేరుతో దక్కిందనుకుందాం. అతను పోయాడు. ముప్పై ఏళ్ళుగా సాగు చేస్తున్నది భార్య. ఇప్పుడామెని ఖాళీ చేయించడం న్యాయమేనా?

ఈ సంకోచం చట్టానికీ తెలుసు. చేతులు మారిన అసైన్డ్ భూమిని వెనక్కి తీసుకోమన్న 1977 చట్టమే, అంతకుముందు సద్బుద్ధితో డబ్బిచ్చి కొనుక్కున్న భూమిలేని పేదని కదిలించొద్దంది. పరిస్థితులు మారితే పాత అన్యాయం వీగిపోవచ్చని జెరెమీ వాల్డ్రన్ 1992లో వాదించాడు. ముప్పై ఏళ్ళ చెమటకి విలువ లేదని నేనూ అనలేను.

కానీ చెమట ఒక్కరిదేనా? ఆ పట్టా నిజంగా అందాల్సిన దళిత స్త్రీ అదే చేలో ముప్పై ఏళ్ళు కూలికి నాట్లేసింది. శ్రమే హక్కయితే ఆమె శ్రమ ఏ ఖాతాలో వేద్దాం? కాలం ఒకరి స్వాధీనాన్ని బలపరిస్తే, ఇంకొకరి ఎదురుచూపుని ఎందుకు బలపరచదు?

అందుకే దీన్ని చట్టానికీ దయకీ మధ్య తగువుగా నేను చూడను. ఇద్దరు స్త్రీల మధ్య రాజ్యం పెట్టిన తగువిది. ఆక్రమణలో ఉన్నామెకి వేరే ఆధారం ఉంటే నేల వదలాల్సిందే. లేకపోతే, కదిలించే ముందు బతుకుదెరువు చూపించాల్సింది పట్టా ఇచ్చిన ప్రభుత్వమే. గోదావరి కోతకి లంకలు కరిగే చోట, "ఇంకోచోట ఇస్తాం" అన్న మాట చాలదు. నోటీసు చనిపోయిన భర్త పేరున గోడకంటించి వెళ్ళడం కాదు, ఇద్దరు ఆడవాళ్ళనీ కూర్చోబెట్టి వినాలి. కొత్త పట్టా స్త్రీ పేరునే రాయాలి.

ఒకామెకి దారి చూపలేదన్న సాకుతో రెండో ఆమె వంతుని మళ్ళీ వాయిదా వేస్తే, దాన్ని మాత్రం నేను దయ అనలేను.