ఇంగ్లిషు పాఠానికి చేతికందే సామగ్రి

ఇంగ్లిషు నేర్పే ఉపాధ్యాయులకు మంచి సామగ్రి చాలావరకు ఉచితంగానే దొరుకుతుంది. తరగతికి తగింది ఏరుకోవడమే అసలు పని. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషు ఉంటాయి. ఇంతకన్నా చేరువలో ఉన్న వనరు మరొకటి లేదు. సైన్సు చదువుతూనే పిల్లలు ఇంగ్లిషు వాక్యాన్ని పట్టుకోగలరు. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ దీక్షా వేదికలో వీడియో పాఠాలున్నాయి.

కథలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఉంది. 2015లో మొదలైన ఈ భాండాగారంలో ఎన్నో బొమ్మల కథలు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఉన్నాయి. మొదటి స్థాయి కథల్లో పేజీకి ఒకటి రెండు చిన్న వాక్యాలే. వాటిని దించుకుని అచ్చు తీసుకోవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ఇవాళ తెలుగులో చదివించి, రేపు అవే బొమ్మలు చూపిస్తూ ఇంగ్లిషులో వినిపిస్తే సరి. కథ ముందే తెలిసిన పిల్లలకు భయం పోతుంది, చెవి మాటల మీద నిలుస్తుంది.

పెద్ద తరగతులకు, వయోజనులకు బీబీసీ వారి ఆరు నిమిషాల ఇంగ్లిషు ఆడియో పాఠాలు నప్పుతాయి. విన్నది సరిచూసుకునేందుకు రాతప్రతి కూడా ఉంటుంది. నెట్ సరిగా అందని ఊళ్ల ఉపాధ్యాయులు వీటిని ముందురోజే ఫోనులో దించి పెట్టుకోవాలి.