లేమి వలన తెలియు ఉనికి

ఫ్రెంచి వంటవారు సూపునకైనను మాంసపు పులుసునకైనను మొట్టమొదట వెన్నలో మగ్గబెట్టునవి రెండుపాళ్ల ఉల్లి, ఒకపాలు క్యారట్టు, ఒకపాలు సెలెరీ కాడలు. ఆ కూర్పునకు 18వ శతాబ్దపు మీర్‌ప్వా ప్రభువు పేరు నిలిచినది. అమెరికాలోని లూసియానాలో క్యారట్టు తొలగి క్యాప్సికం వచ్చినను సెలెరీ తన చోటు విడువలేదు; కాథలిక్కు మతము వేళ్లూనిన ఆ సీమవారు ఉల్లి, సెలెరీ, క్యాప్సికముల కూడికను ‘పరిశుద్ధ త్రిత్వము’ అనియే పిలుతురు. కుండ అడుగున కరగిపోవు ముక్కలకు ఆరాధ్యమైన పేరు పెట్టుటలో అపచారము నాకు తోచదు. ఒక తత్త్వవిచారమునకు ద్వారము మాత్రము కనబడుచున్నది.

పచ్చి సెలెరీ కాడను విరిచి చూడుడు: ములగకాడవలె పీచు సాగును, నమిలినచో నోరంతయు నీరు నిండి, తుదకు కొంచెము చేదు, కొంచెము ఉప్పదనము మిగులును. నూటికి సుమారు 95 పాళ్లు నీరైన ఈ కాడ, సన్నని సెగపై పచ్చదనము మాసి, ఘాటు అణగి, గంటల తరబడి ఉడికినపిమ్మట, ఇది నాది అని చెప్పుకొనదగిన రుచిని దాదాపుగా మిగుల్చుకొనదు. అయినను కోడిరసముతో పరీక్షించిన జపాను పరిశోధకులు, ఇందలి థాలైడులు అను పరిమళద్రవ్యములు, నాలుకకు స్వయముగా ఏ రుచియు కాకున్నను, ఆ రసపు కమ్మదనమును హెచ్చించుచున్నవని కనుగొనిరి.

ఛాందోగ్యోపనిషత్తున ఉద్దాలకుడు నీట కరగిన ఉప్పును కుమారుడగు శ్వేతకేతువుచేత చవిచూపించి, కంటికి కానరాని సత్తును బోధించెను. ఉప్పు కంటికి దాగినను నాలుకకు పట్టుబడును. సెలెరీ నాలుకకును పట్టుబడక, ఉల్లి తీపిని, మాంసపు కమ్మదనమును ముందునకు నెట్టి తాను వెనుక నిలుచును. అది లేక కాచిననాడు మాత్రము, ఉప్పు కారము సరిపోయినను, రసము పలుచబడినట్లు తోచును. నేలపై కుండ లేదను జ్ఞానమునకు భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని, అనగా కానరాకుండుటను, వేరు ప్రమాణముగ అంగీకరించిరి. ఇచట ఆ లేమియే వెనుకటి ఉనికికి సాక్ష్యము పలుకుచున్నది.

ఉపయోగపడి విడువబడినవానిని మనవారు ‘కూరలో కరివేపాకు’ అందురు. ఆ మాటలో న్యాయమైన నిష్ఠురము కలదు. రసము వడగట్టి పిప్పిని పారవేసిన చోట సెలెరీకిని అదే గతి. కాని దానికి త్యాగమును ఆపాదింపరాదు, సంకల్పము లేని చోట త్యాగము లేదు. మనుష్యుని మాట వేరు: తాను కోరి కరగుట సేవ, ఇతరులచే కరగింపబడుట అన్యాయము. గుర్తింపు లేనంతమాత్రమున ఉనికి లోపింపదని ఈ కాడ ఒప్పించుచున్నది గాని, గుర్తింపకుండుటకు మనకు హక్కు ఇచ్చుట లేదు.

ఒకనాడు ఒకే రసమును రెండు కుండలలో, ఒకదాన సెలెరీ వేసి, వేరొకదాన వేయక కాచి, ముందుగా సెలెరీ లేనిదానినే రుచి చూడుడు.