పక్క సీట్లో కూర్చునేవాళ్లు

అమ్మలూ,

మీ ఎయిర్‌లైన్ ఇంకో ఎయిర్‌లైన్‌లో కలిసిపోతోందని, అవతలి పైలట్లతో ఇక తేల్చుకోవాల్సిందేనని రాశావు. ఆ రెండో మాట దగ్గరే నాకు అభ్యంతరం. విలీనంలో పైలట్లకు జరిగే నష్టం చాలాసార్లు నిజమైనదే, కాదనను. కానీ దానికి అవతలి జట్టే కారణమనుకుని పోరుకు దిగిన చోట పైలట్లు పోయినదానికంటే ఎక్కువే పోగొట్టుకున్నారు.

విలీనంలో గొడవంతా సీనియారిటీ నంబరు దగ్గరే. బయటివాళ్లకు అది వట్టి అంకె. నువ్వు ఏ విమానం నడపాలో, ఏ బేస్‌లో ఉండాలో, పండక్కి సెలవు దొరుకుతుందో లేదో, కెప్టెన్‌గా కమాండ్ ఎప్పుడొస్తుందో తేల్చేది మాత్రం అదే. అమెరికాలోని పెద్ద కంపెనీల్లో అయితే ముప్పయ్యేళ్ల అనుభవమున్న కెప్టెన్ ఉద్యోగం మారినా మళ్లీ అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. మన దగ్గర నేరుగా కమాండర్లుగా తీసుకునే అలవాటుంది కాబట్టి కట్టు అంత బిగువు కాదు. అయినా పొలం గట్టు జానెడు జరిగితే అన్నదమ్ములు కోర్టుకెక్కినట్టే, ఈ నంబరు కిందికి జరిగితే మనిషి ఊరుకోలేడు. ఆ కోపం తప్పని నేననడం లేదు. అది ఎటు తిరగాలన్నదే ప్రశ్న.

మన ఇంటి కథే చూడు. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండూ 1953 చట్టంతో పుట్టిన ప్రభుత్వ సంస్థలు. 2007లో కాగితం మీద ఒకటయ్యాయి. జీతాల లెక్కలు వేరు, కో-పైలట్ కమాండర్ కావడానికి పట్టే కాలం వేరు, యూనియన్లు వేరు. వాటిని సరిచేయకుండానే బోర్డు మార్చారు. 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమాన జీతం కోసం సమ్మెకు దిగారు. మరుసటి ఏడాది ఎయిర్ ఇండియా పైలట్ల వంతు. విలీనానికి ముందే తమ కంపెనీ ఆర్డరిచ్చిన డ్రీమ్‌లైనర్ విమానాలపై అవతలివాళ్లకు శిక్షణ ఇవ్వకూడదని వాళ్ల పట్టు. ఆ సమ్మె 58 రోజులు సాగింది. వాళ్ల యూనియన్ గుర్తింపు రద్దయింది, ఎంతోమంది ఉద్యోగాలు పోగొట్టుకుని మళ్లీ వాటి కోసం తిరగాల్సి వచ్చింది. చివరికి డ్రీమ్‌లైనర్లు ఇద్దరికీ వచ్చాయి. లెక్కలు సరిచేయకుండా కలిపినవాళ్లను నిలదీయాల్సిన రెండు నెలలు సాటి పైలట్‌ను అడ్డుకోవడానికి ఖర్చయ్యాయి.

ఇంతకన్నా చేదు కథ అమెరికాలో జరిగింది. 2005లో అమెరికా వెస్ట్, యూఎస్ ఎయిర్‌వేస్ కలిశాయి. యూఎస్ ఎయిర్‌వేస్ అప్పటికే రెండుసార్లు దివాలా కోర్టు గడప తొక్కింది. ఏళ్ల తరబడి పనిచేసిన పైలట్లు కూడా వెయ్యికి పైగా లేఆఫ్‌లో ఉన్నారు. అమెరికా వెస్ట్ చిన్నది, పైలట్లు వయసులో చిన్నవాళ్లు, కానీ వాళ్ల ఉద్యోగాలు నిలబడి ఉన్నాయి. మధ్యవర్తి జార్జ్ నికొలావ్ 2007లో తీర్పిచ్చాడు: పెద్ద విమానాలు నడిపే అనుభవజ్ఞులను పైనే ఉంచి, లేఆఫ్‌లో ఉన్నవాళ్లను జాబితా అడుగున పెట్టాడు. విలీనం లేకపోతే ఎవరి భవిష్యత్తు ఏమయ్యేదన్నది ఆయన కొలబద్ద. యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లకు ఉద్యోగంలో చేరిన తేదీయే కొలబద్ద. సంఖ్యలో ఎక్కువ కాబట్టి వాళ్లు 2008లో పాత యూనియన్‌ను ఓటుతో తొలగించి, చేరిన తేదీ సూత్రంతో సొంత యూనియన్ పెట్టుకున్నారు. తీర్పు అమలు కాలేదు. అమలు కాలేదు కాబట్టి ఉమ్మడి కాంట్రాక్టూ కుదరలేదు. దివాలా రోజుల్లో కోసిన జీతాలతోనే తీర్పును ఆపినవాళ్లు ఏళ్ల తరబడి విమానాలు నడిపారు. 2013లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో మరో విలీనం వచ్చాకే ఆ జీతాలు కదిలాయి. ఒకే జాబితా తేలేసరికి 2016. నంబరు కాపాడుకోవడానికి వాళ్లు చెల్లించిన ధర జీతాల రూపంలోనే ఎంతో చూడు. వాళ్ల బాధ అబద్ధమని కాదు. పదహారేళ్లు పనిచేసినవాడు నిన్న చేరినవాడి కింద కూర్చోవాలంటే ఎవరికైనా మండుతుంది.

మెత్తగా ఉంటే మేనేజ్‌మెంట్ నెత్తినెక్కుతుందని నువ్వంటావు. నేను చెప్పేది మెత్తదనం కాదు. 2008లో డెల్టా, నార్త్‌వెస్ట్ కలిసినప్పుడు సీనియారిటీ మీద రెండు జట్లకూ మొదట మాట కుదరలేదు. అయినా జాబితాను మధ్యవర్తులకు వదిలేసి, విలీనం పూర్తికాకముందే ఉమ్మడి కాంట్రాక్టు రాయించుకున్నారు. అందులో కంపెనీ షేర్లూ ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరుకు జాబితా తేలింది. యాజమాన్యానికి ఎదురుగా బల్ల ఒక వైపున రెండు జట్లూ కూర్చున్నాయి కాబట్టే అది సాధ్యమైంది. మన దగ్గరా 2024 ఏప్రిల్లో విస్తారా ఎయిర్‌లైన్ పైలట్ల అసంతృప్తితో విమానాలు రద్దయిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. ఎయిర్ ఇండియాలో కలవబోయే ముందు నెలకు హామీ జీతం 70 ఫ్లయింగ్ గంటల నుంచి 40 గంటలకు తగ్గించిన కొత్త కాంట్రాక్టు మీద ఆ కోపం. ఆ గంటలు తగ్గించింది పక్క సీట్లోని మనిషి కాదు, కాంట్రాక్టు రాసినవాళ్లు.

ఇంకో అభ్యంతరం గట్టిది. కొన్నిసార్లు అవతలి జట్టు నిజంగానే మన వాటా తినేస్తుంది. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏ అనే ఎయిర్‌లైన్‌ను కొన్నప్పుడు టీడబ్ల్యూఏ పైలట్లలో ఎక్కువమందిని జాబితా అడుక్కి తోసేశారు. సెప్టెంబరు 11 తర్వాత కోతలొచ్చేసరికి ముందుగా రోడ్డున పడ్డది వాళ్లే. అక్కడ సర్దుకుపొమ్మని చెప్పడం పెద్దరికం కాదు, పిరికితనం. దాని విరుగుడు కాక్‌పిట్‌లో ముభావంగా ఉండడంలో దొరకలేదు, చట్టంలో దొరికింది. విలీనమయ్యే కంపెనీల జాబితాలను న్యాయంగా, సమంగా కలపాలని 2007లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది.

నిజమైన పైలట్ తగాదాలను కాక్‌పిట్ తలుపు బయటే వదిలేస్తాడని అంటారు. చాలామంది వదిలేస్తారు కూడా, ఈ తగాదాల వల్ల విమానాలు కూలిపోతాయని నేను భయపెట్టబోవడం లేదు. కానీ కంపెనీ సంస్కృతి అనేది గోడ మీది నినాదాల్లో ఉండదు. కో-పైలట్ సందేహం వచ్చిన క్షణంలో నోరు తెరుస్తాడా, పక్క సీట్లో ఉన్నది అవతలి జట్టు మనిషని ఆగి ఆలోచిస్తాడా అన్నదాంట్లో ఉంటుంది. రెండు కంపెనీల కాల్‌అవుట్‌లు, అంటే కాక్‌పిట్‌లో పైకి పలకాల్సిన మాటలు, పద్ధతులు ఇంకా పూర్తిగా కలవని నెలల్లో అలా నోరు తెరవడం మరీ అవసరం.

మీ రెండు కంపెనీల ఉమ్మడి సీనియారిటీ జాబితా ముసాయిదా వచ్చినప్పుడు నీ అభ్యంతరం నీ పేరుతోనే, లిఖితపూర్వకంగా ఇవ్వు. వాట్సాప్ గ్రూపుల్లో ఇవ్వకు. రాసే ముందు అవతలివాళ్ల అభ్యంతరాలు కూడా సంపాదించి చదువు. సగం చోట్ల నీ ఫిర్యాదూ వాళ్ల ఫిర్యాదూ ఒకే క్లాజు మీద ఉంటాయి. ఆ క్లాజు దగ్గర ఇద్దరూ కలిసి సంతకం పెట్టండి.

నీ పెదనాన్న