ఇవ్వనిది తీసుకోవడం: ఒక ఆట కథ



పంచశీలలో రెండోది మనందరికీ నోటికొచ్చు. ఇవ్వనిది తీసుకోను. కల్లంలో బస్తా, పక్కింటి కోడి అయితే లెక్క సులువే. చేతితో పట్టుకోలేని ఆట, పాట సంగతేంది? దాన్ని ఇచ్చే హక్కు అసలు ఎవరిది?

టెట్రిస్ చూసే ఉంటారు, పైనుంచి రాలే ఇటుకలను వరుసగా పేర్చే ఆట. 1984లో మాస్కోలో సైన్స్ అకాడమీ ఉద్యోగి అలెక్సీ పజిత్నోవ్ దాన్ని తయారుచేసిండు. రాబర్ట్ స్టైన్ అనే వ్యాపారి హంగేరీలో దాన్ని చూసి, మాస్కో నుంచి ఖాయమైన ఒప్పందం రాకముందే ఇంగ్లండ్, అమెరికా కంపెనీలకు హక్కులు అమ్మేసిండు. తనది కానిదాన్ని ఇచ్చిండన్నమాట. కొన్నవాళ్లు ఇంకొకరికి, వాళ్లు మరొకరికి. చివరికి 1989లో నింటెండో, అటారీ వాళ్ల టెంజెన్ అమెరికాలో కోర్టుకెక్కినయ్. సోవియట్ సంస్థ ఎలోర్గ్ టీవీ ఆటల హక్కు ఇచ్చింది నింటెండోకే కాబట్టి టెంజెన్ అమ్మకం ఆపాలని కోర్టు ఆదేశించింది.

చట్టం పని అక్కడికి అయిపోయింది. మరి చేసినోడికి? 1996 దాకా రాయల్టీ రాలేదు.

"హక్కును పదేళ్లకు తనే సర్కారుకు అప్పగించిండు కదా, కంప్యూటరూ సర్కారుదే కదా" అంటారేమో. భూమి నాది, ఎడ్లు నావి, విత్తనం నాది అని దొర అనలేదా? మన తాతలు వేలిముద్రలు వేసిన కాగితాలు ఎన్ని లేవు! పజిత్నోవ్‌ది జీతగాడి బతుకు కాదు, ఒప్పుకుంటా. అయినా కాదనే వీలు లేనోడు పెట్టిన సంతకాన్ని నేను దానం అనను.

అట్లని చేసినోడిదే సర్వహక్కు అనుకోకండి. పెంటామినో ముక్కల పాత ఆట నుంచే పజిత్నోవ్‌కు ఆలోచన తట్టింది. ఆటను ఐబీఎం కంప్యూటర్‌కు మార్చినవాళ్లలో వాదిమ్ గెరసిమోవ్ అనే పదహారేళ్ల పిల్లోడున్నడు. అతని పేరు ఎంతమందికి తెలుసు?

మన దగ్గరా ఉంది ఈ తగవు. 2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున నోటీసు వచ్చింది, అనుమతి లేకుండా తన పాటలు వేదికల మీద పాడొద్దని. గొంతు ఒకరిది, బాణీ ఒకరిది, రాసిన కవి ఇంకొకరు.

ఏప్రిల్ 14న మన చిరాగ్‌పల్లిలో, జహీరాబాద్‌లో భీమ్ పాటలు మోగుతయి. ఊరి కవి రాసిన పాటకు తమ పేరు పెట్టుకొని యూట్యూబ్‌లో ఎక్కించేది మనవాళ్లే. పాట జనానిది, పాడుకోండి, ఎవరూ ఆపరు. కానీ ఆ వీడియో కింద కవి పేరుందా? వచ్చిన పైసల్లో ఆయనకేమన్నా ముట్టిందా? ఈసారి ఎక్కించే ముందు ఆయనకు ఒక ఫోన్ చేసి అడగండి.